తోర్వా ఉమ్మడి పెట్టె: ఒక రైల్వే బస్తీ పరపతి చరిత్ర

రవీంద్రనాథ టాగోర్ 1918లో వెలువరించిన ‘పలాతక’ సంపుటిలో ‘ఫాంకీ’ అనే కథాకావ్యం ఒకటుంది. ఫాంకీ అంటే వంచన. జబ్బుపడిన ఇరవై మూడేళ్ల భార్యను గాలిమార్పు కోసం తీసుకుపోతున్న ఒక భర్త బిలాస్‌పూర్ స్టేషనులో బండి మారవలసి వస్తుంది. తరువాతి బండికి ఆరు గంటల వ్యవధి. ఆ నిరీక్షణలో భార్యకు రుక్మిణి అనే ఒక హిందుస్థానీ స్త్రీ పరిచయమవుతుంది. స్టేషనులో కూలి పని చేసే ఝమ్రూ భార్య ఆమె. కరవు వల్లా, జమీందారు పీడన వల్లా ఊరు విడిచి వచ్చిన కుటుంబం. కూతురి పెళ్లికి నగలు చేయించాలి. 25 రూపాయలు కావాలి. ఇవ్వమని భార్య కోరుతుంది. భర్త చాటుగా రుక్మిణిని గదమాయించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేసి, మొత్తం ఇచ్చానని భార్యతో అబద్ధమాడతాడు. భార్య మరణించాక అతడు రుక్మిణి కోసం వెదుకుతూ అదే స్టేషనుకు వస్తాడు. ఆమె దొరకదు.

సాహిత్య విమర్శకులు దీన్ని పశ్చాత్తాప కావ్యంగా చదువుతారు. అది న్యాయమే. అయితే చరిత్ర విద్యార్థికి ఇందులో మరొక ప్రశ్న ఎదురవుతుంది. రైల్వే స్టేషనులో పొద్దస్తమానం మూటలు మోసే మనిషికి కూతురి పెళ్లికి 25 రూపాయల అప్పు ఆ పట్టణంలో ఎందుకు పుట్టలేదు? ముక్కూ మొహం తెలియని ప్రయాణికురాలి దయపై ఆ కుటుంబం ఆధారపడవలసిన గతి ఎందుకు పట్టింది? బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలోనూ, దాన్ని ఆనుకొని అర్పా నది దిక్కున పరచుకొన్న తోర్వాలోనూ స్థిరపడిన శ్రామిక కుటుంబాల చరిత్ర, వాటిలో తెలుగు కుటుంబాల చరిత్ర, చాలా మేరకు ఈ ప్రశ్నకు వెదుక్కొన్న జవాబుల చరిత్రే.

బిలాస్‌పూర్‌ను నేటి బిలాస్‌పూర్‌గా మలచినది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. 1887లో ఏర్పడిన ఆ కంపెనీ అప్పటికే నాగ్‌పూర్ నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు ఉన్న మీటరుగేజి మార్గాన్ని స్వాధీనం చేసుకొని, బ్రాడ్‌గేజిగా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా 1891 నాటికి అసన్‌సోల్ దాకా పొడిగించింది. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు మరొక శాఖ చీలింది. జంక్షను అయిన ఊరికి లోకోషెడ్డు, యార్డు, క్వార్టర్లు, ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూటు, బుధవారీ బజారు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. నదికి ఆవలి పాత ఊరు ఒకటి, పట్టాల పక్కన పుట్టిన కొత్త ఊరు ఒకటి. ఈ రెండింటి మధ్య గోడ లేదు గాని హద్దు మాత్రం ఉండేది. రైల్వే హద్దు లోపల దీపమూ నీళ్లూ కంపెనీవి. ఆ హద్దు దాటితే ఎవరి దిక్కు వారిది. తోర్వా ఆ హద్దుకు అంచున ఉన్న ఊరు.

తెలుగువాడు ఇంత దూరం ఎలా వచ్చాడన్నదానికి సమాధానం పటంలోనే ఉంది. కటకం దిక్కు నుంచి వాల్తేరు వరకు ఉన్న తూర్పు తీర రైలు మార్గం 1902లో ఇదే బెంగాల్ నాగ్‌పూర్ కంపెనీ చేతికి వచ్చింది. దానితో గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు, బిలాస్‌పూర్ యార్డు ఒకే యజమాని కిందికి చేరాయి. 1889 నాటి గంజాం కరవును, శతాబ్దాంతపు కరవులను చూసిన జమీందారీ ప్రాంతాలవి. వాల్తేరులో బండెక్కి, ఖరగ్‌పూర్ చేరి, అక్కడి నుంచి పడమటికి మళ్లితే బిలాస్‌పూర్. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ వరకు మార్గం పూర్తయ్యాక ఈ చుట్టు తిరుగుడు తప్పింది. విజయనగరంలో ఎక్కినవాడు కొండలు దాటి నేరుగా ఛత్తీస్‌గఢ్‌లో దిగసాగాడు. గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, పాయింట్స్‌మన్లుగా, కొద్దిమంది గుమస్తాలుగా ఉత్తరాంధ్ర మనుషులు ఈ లైను పొడవునా పరచుకొన్నారు. పారిశుద్ధ్యపు పనిలోకి రెల్లి కులస్థులు వచ్చారు. ఒకడు కుదురుకొంటే తమ్ముడినో, బావమరిదినో పిలిపించుకొనేవాడు. కంపెనీకి కావలసినదీ అదే. నియామకపు ఖర్చు లేదు. వచ్చినవాడి నడవడికకు పిలిచినవాడే జామీను.

జామీను అన్న ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి. తరువాతి వందేళ్ల కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

బ్రిటిషు ఇండియాలో కార్మికుల స్థితిని విచారించడానికి 1929లో నియమితమైన విట్లీ కమిషన్ (వి. ఎస్. శ్రీనివాసశాస్త్రి, ఎన్. ఎం. జోషి అందులో సభ్యులు) 1931లో నివేదిక ఇచ్చింది. చాలా పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతుల శ్రామికులు అప్పుల్లో ఉన్నారని, ఆ అప్పు తరచుగా మూడు నెలల వేతనాన్ని మించి ఉందని అది అంచనా కట్టింది. వడ్డీ రేట్లలో సర్వసాధారణమైనది రూపాయికి నెలకు ఒక అణా. అంటే ఏడాదికి 75 శాతం. జీతాల రోజున గేటు బయట కర్ర పట్టుకొని నిలబడే కాబూలీ వడ్డీవ్యాపారి ఆ నివేదికలో ఒక పాత్రే. ఈ లెక్కను టాగోర్ కావ్యంలోని మొత్తానికి వర్తింపజేసి చూడవచ్చు. 25 రూపాయల అప్పుకు నెలకు 25 అణాల వడ్డీ. అంటే రూపాయి తొమ్మిది అణాలు. ఏడాదికి 18 రూపాయల 12 అణాలు. అసలు మాత్రం అంగుళమైనా కదలదు. కూతురి పెళ్లికి తెచ్చిన అప్పు మనుమరాలి పెళ్లినాటికీ తీరదు.

కంపెనీ క్వార్టరు ఇచ్చింది, పాసు ఇచ్చింది, ఆసుపత్రి ఇచ్చింది. పరపతి మాత్రం ఇవ్వలేదు. బ్యాంకులకు ఖలాసీ మనిషిగానే ఆనలేదు. పొలం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకొనే పల్లె పద్ధతి ఇక్కడ పనికిరాదు. పొలం విశాఖ జిల్లాలో ఉంది, లేదా అసలే లేదు. అతడి దగ్గర తాకట్టుకు పనికివచ్చే ఆస్తి ఒక్కటే. వచ్చే నెల జీతం. వచ్చే నెల జీతాన్ని పదిమంది కలిసి తాకట్టు పెట్టుకొనే ఉపాయమే చీటీ.

చీటీ గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు గాని, దాని లోపలి నీతిని ఒకసారి చూడాలి. ఇరవైమంది తలా యాభై రూపాయలు వేస్తే నెలకు వెయ్యి పోగవుతుంది. పాట పెడతారు. ఎవరి అవసరం ఎక్కువో వారు ఎక్కువ తరుగుకు పాడతారు. 150 తరుగుకు పాడినవాడు 850 పట్టుకుపోతాడు. మిగిలిన 150 ఇరవైమందికి తలా ఏడున్నర చొప్పున తిరిగివస్తుంది. నిర్వాహకుడి కమీషను పోను ఆ డబ్బు బయటకు పోదు. అవసరంలో ఉన్నవాడు కట్టిన వడ్డీ అతడి పొరుగువాడికే చేరుతుంది. రేపు పొరుగువాడు పాడినప్పుడు ఇతడికి వస్తుంది. కాబూలీవాడి వడ్డీకీ చీటీ తరుగుకూ మధ్య తేడా రేటులో మాత్రమే కాదు, డబ్బు పోయే దిక్కులో ఉంది. ఒకటి బస్తీని విడిచిపోతుంది. ఇంకొకటి బస్తీలోనే తిరుగుతుంది. బస్తీలు కోలుకోవడం, కుంగిపోవడం తరచు ఈ దిక్కు మీదనే ఆధారపడతాయి.

అయితే చీటీని పూజ గదిలో పెట్టవలసిన పని లేదు. పాట ఎత్తినవాడు తరువాతి వాయిదాలు ఎగ్గొడితే పందొమ్మిదిమంది మునుగుతారు. నిర్వాహకుడే పరారైతే ఇరవైమందీ. అందుకే ఎత్తినవాడికి పర్మనెంటు ఉద్యోగి ఒకరు జామీను ఉండాలి. ఆ నియమంతోనే బస్తీలో ఒక మెట్ల వరుస ఏర్పడింది. పర్మనెంటు ఉద్యోగికి మాట ఉంది. దినకూలీకి లేదు. గుమస్తా జామీనుకు ఉన్న విలువ పారిశుద్ధ్య కార్మికుడి జామీనుకు లేదు. ఈ తేడాకు జీతం ఒక కారణం, కులం మరొక కారణం. ఆడవాళ్లు చీటీలు నడిపిన చోట కూడా పేరు భర్తది, టోకెన్ నంబరు భర్తది. ఉమ్మడి పెట్టె అందరిదీ అని చెప్పుకోవడం బాగుంటుంది. తాళంచెవి ఎవరి మొలకు వేలాడిందో కూడా చెప్పుకోవాలి.

చీటీకి చట్టబద్ధమైన అక్క సహకార పరపతి సంఘం. మద్రాసు ప్రభుత్వం కోసం ఫ్రెడరిక్ నికల్సన్ జర్మనీ రైఫైజన్ సంఘాలను అధ్యయనం చేసి 1890లలో ఇచ్చిన నివేదిక, దాని తరువాత 1904 నాటి సహకార పరపతి సంఘాల చట్టం, అదే ఏడు మద్రాసులో పుట్టిన ట్రిప్లికేన్ అర్బన్ సహకార సంఘం: ఈ గాలి రైల్వేలకూ సోకింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఉద్యోగులు నేటికీ అర్బన్ బ్యాంకు అని పిలుచుకొనే సహకార సంఘం ఆ కాలపు భావాల సంతానమే. దాని కీలకం జీతం పట్టీలో ఉంది. వాయిదా జీతం నుంచే కోతపడుతుంది. వసూలుకు కర్ర అక్కరలేదు. 1936 వేతన చెల్లింపు చట్టం యజమాని జీతంలో ఏయే కోతలు వేయవచ్చునో జాబితా ఇస్తూ సహకార సంఘాల బకాయిలకు ప్రత్యేకంగా చోటిచ్చింది. అదే చట్టం మరొక చిత్రమైన ఏర్పాటు చేసింది. కార్మికులకు వేసిన జుల్మానాల సొమ్మును యజమాని తన లాభంలో కలుపుకోరాదు. ఉద్యోగుల మేలుకే ఖర్చు పెట్టాలి. రైల్వేల్లో స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ పుట్టుక ఈ జుల్మానాల్లోనే ఉంది. ఆలస్యంగా వచ్చిన ఖలాసీకి పడిన అర్ధరూపాయి జుల్మానా ఇన్‌స్టిట్యూటు గ్రంథాలయంలో పుస్తకంగానో, మరొక ఖలాసీ కొడుకు చదువుకు సాయంగానో తిరిగి వచ్చేది. క్రమశిక్షణకూ సంక్షేమానికీ ఇంత దగ్గరి చుట్టరికం మరెక్కడా కనబడదేమో.

ఇక్కడికి వరకు చెప్పినదంతా పొదుపు కథ. పొదుపుతో మాత్రమే బస్తీలు బతకవు. జీతం పెరగాలి, ఉద్యోగం నిలవాలి. రెండవ ఉమ్మడి పెట్టె అక్కడ వచ్చింది. దాని పేరు యూనియను.

బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరి రాజకీయ జీవితానికి పునాది ఈ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులే. ఆ రైల్వే సంఘాన్ని నిర్మించిన వారిలో, అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్యను స్థాపించిన వారిలో ఆయన ఒకరు. 1926లో ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షుడు కూడా అయ్యారు. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్‌లో మొదలైన సమ్మె లైను పొడవునా పాకింది. అది మార్చిలో ముగిసినా, అదే ఏడు శరత్కాలంలో వర్క్‌షాపులో సిబ్బంది తగ్గింపు మీద రెండవ పోరాటం లాకౌటుగా పరిణమించి డిసెంబరు దాకా సాగింది. నెలల తరబడి జీతం లేని వేల కుటుంబాలు ఆకలికి లొంగకుండా నిలబడడం నాయకుల ఉపన్యాసాల వల్ల జరగదు. కిరాణా కొట్టువాడు అరువు ఆపకూడదు, చీటీ నిర్వాహకుడు వాయిదా అడగకూడదు, పొరుగు లైనులో పని చేస్తున్నవాడు చందా పంపాలి, ఊళ్లో అన్నదమ్ముడు బియ్యం పంపాలి. యూనియను రసీదు పుస్తకం వెనుక ఇవన్నీ కనబడని పద్దులు. సమ్మె కాలపు చరిత్ర రాసినవారు తీర్మానాలను భద్రపరిచారు. కిరాణా కొట్ల అరువు పుస్తకాలను ఎవరు భద్రపరుస్తారు?

గిరి జీవితంలోని ఒక విడ్డూరాన్ని ఇక్కడ దాటవేయడం రాజకీయ పాఠకులకు అన్యాయం. 1937లో మద్రాసు రాజాజీ మంత్రివర్గంలో మంత్రి. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం సవరించినందుకు 1954లో రాజీనామా చేసిన మనిషి. 1969లో రాష్ట్రపతి అయ్యారు. 1974 మే 8న జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మెకు దిగినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆయనే. బోనసు, ఎనిమిది గంటల పని అప్పటి ప్రధాన కోరికల్లో ఉన్నాయి. వేలాదిమంది అరెస్టయ్యారు, ఉద్యోగాలు పోయాయి, క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్లగొట్టారు. మే 27 నాటికి సమ్మె ముగిసింది. రైల్వే సమ్మెలోంచి పుట్టిన నాయకుడి సంతకం కింద నడిచే రాజ్యమే రైల్వే సమ్మెను అణచివేసింది. రాష్ట్రపతికి అధికారాలు పరిమితమన్న రాజ్యాంగ పాఠం అందరికీ తెలిసినదే. అయినా ఆయన కాలపు రైల్వే కార్మికులకు ఆ పాఠం అంత తేలికగా మింగుడుపడి ఉంటుందా?

క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టడం అన్న ఆయుధం తోర్వా వంటి చోట్ల ప్రాముఖ్యాన్ని బోధపరుస్తుంది. రైల్వే ఇల్లు ఉద్యోగం ఉన్నన్నాళ్లే. రిటైరైన మర్నాటి నుంచి, లేదా సమ్మెలో ఉద్యోగం ఊడిన మర్నాటి నుంచి తల ఎక్కడ దాచుకోవాలి? ప్రావిడెంటు ఫండు డబ్బుతో రైల్వే హద్దు దాటి రెండు గదులు కట్టుకొనేందుకు జాగా కావాలి. లైనుకు ఆనుకొని, నదికి దగ్గరగా ఉన్న తోర్వా, హేమూనగర్ వంటి పేటలు అటువంటి జాగాలు. సొంత ఇల్లు వచ్చాక బస్తీ స్వభావం మారుతుంది. బదిలీ అయితే వెళ్లిపోయే మనిషి గుడికి పది రూపాయలు వేస్తాడు. ఇల్లు కట్టుకొన్న మనిషి గుడి కమిటీలో కూర్చుంటాడు.

ఆ కమిటీల చరిత్రకు మరొక రాజకీయ నేపథ్యం కూడా ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. తెలుగువారికి రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం వెలుపలి తెలుగువారికి కొత్త పేరు వచ్చింది, భాషా అల్పసంఖ్యాకులని. 1956లో ఏడవ సవరణ రాజ్యాంగంలో 350ఎ అధికరణాన్ని చేర్చింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలన్నది దాని సారం. ప్రయత్నించడమన్న మాటకు ప్రభుత్వాల నిఘంటువులో ఉన్న అర్థం ఎరిగినదే. ఆచరణలో ఖరగ్‌పూర్, టాటానగర్, రాయ్‌పూర్, భిలాయ్, బిలాస్‌పూర్‌లలో తెలుగు పిల్లలకు అక్షరాభ్యాసం జరిపించినవి ఆంధ్ర సంఘాలు, గుడి అరుగులు, చందా పుస్తకాలు. సర్కారు ప్రయత్నించింది, సంఘాలు చేశాయి.

బిలాస్‌పూర్ రైల్వే ప్రాంతంలో వేసవిలో జరిగే సోలాపురి మాత పూజ ఇటువంటి ఉమ్మడి వ్యవస్థకు మంచి ఉదాహరణ. పసుపు నీళ్లు, వేపాకులు, చల్లదనం కోరే మొక్కులు: ఉత్తరాంధ్ర గ్రామదేవతల ఆరాధన ఎరిగినవారికి ఇందులో కొత్త ఏమీ తోచదు. అయితే పల్లెలో అమ్మవారి పండుగకు భూమి ఉంది, మిరాశీ ఉంది, ఏ కులం ఏ పని చేయాలో కట్టడి ఉంది. రైల్వే పట్టణంలో ఈ మూడూ లేవు. వీటి స్థానంలో వచ్చినవి చందా రసీదు, కమిటీ ఎన్నిక, రైల్వే వారి నుంచి స్థలానికి అనుమతి. అంటే దేవత పాతదే, రాజ్యాంగం కొత్తది. పండుగకు వేసిన పందిరి, కొన్న వంట గిన్నెలు, తివాచీలు మిగతా పదకొండు నెలలూ పెళ్లిళ్లకూ దినకర్మలకూ తిరుగుతాయి. ఇవాళ పెద్ద పెద్ద విధాన పత్రాల్లో ‘స్థానిక భాగస్వాముల వనరుల పంపిణీ’ అని రాస్తున్నది ఇదే. గిన్నెల మీద చెక్కిన కమిటీ పేరే దాని తొలి దస్తావేజు.

తెలుగువారి కథను తెలుగువారితోనే ముగిస్తే తోర్వా అర్థం కాదు. ఆ లైనులో బీహారీలు, బెంగాలీలు, ఒడియాలు, ఛత్తీస్‌గఢీలు పక్క పక్క గోడల మధ్య బతికారు. అర్పా ఒడ్డున తోర్వాలోని ఛఠ్ ఘాట్ నేడు బిలాస్‌పూర్ ముఖచిహ్నాల్లో ఒకటి. కార్తిక షష్ఠి నాడు అస్తమించే సూర్యుడికి, మరునాటి ఉదయం ఉదయించే సూర్యుడికి అర్ఘ్యమివ్వడానికి అక్కడ వేల సంఖ్యలో జనం చేరతారు. ఈ పర్వానికి పురోహితుడి అవసరం లేదు గాని పారిశుద్ధ్యం అవసరం ఉంది. ఘాట్ శుభ్రం చేయాలి, దీపాలు పెట్టాలి, లోతు దగ్గర తాళ్లు కట్టాలి, అన్నిటికంటే ముందు నదిలో నీళ్లుండాలి. తొలి మూడింటికి పండుగ కమిటీ, నగర పాలక సంస్థ, పోలీసులు, స్వచ్ఛంద కార్యకర్తలు చేయి చేయి కలుపుతారు. నాలుగవదానితోనే చిక్కు వచ్చింది.

అర్పా పేరుతో మొదలయ్యే పాటను ఛత్తీస్‌గఢ్ 2019లో రాష్ట్ర గీతంగా ప్రకటించుకొంది. ఆ నది మాత్రం వర్షాకాలం దాటితే ఇసుక మైదానం. ఇసుక తవ్వకం, మురుగు, పైన తగ్గిన అడవి ఇందుకు కారణాలు. అదే నగరంలో కొలువున్న హైకోర్టు ఎదుట అర్పా మీద ప్రజాప్రయోజన వ్యాజ్యాలు నడిచాయి. నగరం దగ్గర బ్యారేజీలు మొదలయ్యాయి. పండుగ నాటి నీటి మట్టానికీ ఏడాది పొడవునా నది ఆరోగ్యానికీ తేడా ఉంది. మొదటిదాన్ని కమిటీ ఒత్తిడితో సాధించవచ్చు. ఒక ఫోను, ఒక విజ్ఞప్తి పత్రం చాలు. రెండవదానికి ఇసుక కాంట్రాక్టరుతో తగాదా పడాలి. ఇసుక కాంట్రాక్టరు సాధారణంగా పండుగ వేదిక మీదనే కూర్చొని ఉంటాడు. చందా జాబితాలో ఆయన పేరు పైవరుసలో ఉంటుంది. వనరులు కలిపి వాడుకోవడం గురించి మాట్లాడేవారు ఈ ఇబ్బందిని అంతగా ఎత్తరు. పెద్ద చందా ఇచ్చినవాడికి కమిటీ మౌనంగా ఏం తిరిగి ఇస్తుందన్నది ప్రతి ఉమ్మడి పెట్టెకూ ఉన్న పాత చిక్కు.

భాషల గోడలు దాటి నగరమంతా ఒక్కటైన సందర్భం రైల్వే జోను ఉద్యమం. దేశపు బొగ్గు రవాణాలో సింహభాగం మోసే డివిజన్లలో ఒకటై ఉండి, నిర్ణయాలకు మాత్రం కలకత్తా గార్డెన్ రీచ్ వైపు చూడవలసి రావడం బిలాస్‌పూర్‌కు పాత గాయం. 1996లో ఆ గాయం రోడ్డు మీద పడింది. ఆందోళన హింసకు దారితీసింది. 1998లో జోను ప్రకటన వచ్చింది. 2003 ఏప్రిల్ 5న ప్రధాని వాజపేయి ఆగ్నేయ మధ్య రైల్వేను జాతికి అంకితం చేశారు. అప్పటికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి రెండున్నరేళ్లు. దుకాణదారు, విద్యార్థి, వకీలు, రైల్వే గుమస్తా కలిసి సాధించిన విజయమది. ఆ విజయం నాటికి రైల్వే కొలువు స్వరూపమే మారడం మొదలైంది.

1990ల ఆరంభంలో భారతీయ రైల్వేల్లో 16 లక్షలకు పైబడి ఉద్యోగులుండేవారు. ఇప్పుడు 12 లక్షల దరిదాపుల్లో ఉన్నారు. మోసే సరుకు మాత్రం అనేక రెట్లు పెరిగింది. పెట్టెలు కడగడం, స్టేషను ఊడవడం, దుప్పట్లు అందించడం, పట్టాల దగ్గర పనుల్లో కొంత కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. 2004 జనవరి 1 తరువాత చేరిన పర్మనెంటు ఉద్యోగికి పాత పింఛను లేదు. తాత గ్యాంగ్‌మన్, తండ్రి ఫిట్టరు, కొడుకు కాంట్రాక్టరు కింద కోచింగు డిపోలో రోజు కూలీ: రైల్వే బస్తీల్లో మూడు తరాల ఈ వరుస అరుదేమీ కాదు. సహకార సంఘంలో సభ్యత్వానికి రైల్వే జీతం పట్టీ కావాలి. కొడుకుకు అది లేదు. చీటీలో పాట ఎత్తడానికి పర్మనెంటు జామీను కావాలి. తండ్రి రిటైరైనాక జామీను ఎవరు? వందేళ్ల క్రితం స్టేషను కూలికి ఏ తలుపు మూసి ఉందో మనుమడి తరానికి మళ్లీ అదే తలుపు మూసుకొంది. లోపల ఉన్నది తన తాత డబ్బుతో కట్టిన ఇల్లే.

ఆ ఖాళీలోకి వచ్చినవి సూక్ష్మరుణ సంస్థలు. పదిమంది ఆడవాళ్లను గుంపు చేసి, ఒకరికొకరిని జామీను చేసి, వారం వారం వసూలు చేసే ఈ పద్ధతి చీటీ నీతిని అరువు తెచ్చుకొన్నదే. డబ్బు పోయే దిక్కు మాత్రం కాబూలీవాడిది. వడ్డీ బస్తీని విడిచిపోతుంది. దీని పర్యవసానాలు తెలుగు రాష్ట్రానికి తెలియనివి కావు. ఆత్మహత్యల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు కుటుంబం మొత్తం వాయిదాలు నెలసరి ఆదాయంలో సగానికి మించరాదన్నాయి. వడ్డీ రేటుపై ఉన్న పాత పరిమితిని తొలగించాయి. ఆదాయంలో సగం వాయిదాలకు పోవడాన్ని గరిష్ఠ పరిమితిగా రాసుకోవలసిన స్థితి దేనికి సూచికో పాలకులు చెప్పాలి.

ఇదంతా విధి కాదని చెప్పడానికి దూరం పోనక్కరలేదు. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి 1956లో చుట్టుపక్కల పల్లెల రైతులతో మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు పరపతితో ఆగిపోలేదు. విత్తనం, ఎరువు, ధాన్యం అమ్మకం దాకా ఒకే సంస్థ కిందికి తెచ్చింది. 2002లో అదే ప్రాంతపు స్త్రీలు సొంత పాల డెయిరీ పెట్టుకొన్నారు. మధ్యలో 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది. సర్కారు వాటాధనం తీసుకోని సంఘం మీద సర్కారు పెత్తనం ఉండరాదన్నది దాని మూలసూత్రం. దేశంలో సహకార సంఘాలు ఎమ్మెల్యేల అనుయాయులకు విశ్రాంతి గృహాలైన కాలంలో అది సాహసమే. ముల్కనూరులో సభ్యత్వానికి ఆధారం జీతం పట్టీ కాదు, ఆ ఊళ్లో నివాసమూ సాగూ. యజమాని మారినా, ప్రభుత్వం మారినా సభ్యుడు సభ్యుడే. రైల్వే సహకార సంఘపు బలమూ బలహీనతా ఒకే చోట ఉన్నాయి. యజమాని ఖాతా దాని వెన్నెముక; యజమాని మనుషులను తగ్గిస్తే ఆ వెన్నెముక వంగుతుంది.

ఛత్తీస్‌గఢ్ రాజకీయ నాయకత్వం దగ్గర ఈ సమస్యకు ఒక సిద్ధ ఔషధముంది. దాని పేరు సాముదాయిక భవన్. ప్రతి సమాజానికీ ఒకటి. సాహులకు ఒకటి, యాదవులకు ఒకటి, తెలుగువారికి ఒకటి, బెంగాలీలకు ఒకటి. ఎన్నికల ముందు శంకుస్థాపన, గెలిచాక పైకప్పు, తదుపరి ఎన్నికలకు ప్రహరీ. చందా పుస్తకం మీద నిలబడిన కమిటీ క్రమంగా శాసనసభ్యుడి నిధి మీద నిలబడడం నేర్చుకొంటుంది. చందా ఇచ్చినవాడికి లెక్క అడిగే హక్కు ఉండేది. శాసనసభ్యుడి నిధికి లెక్క ఎవరు అడుగుతారు? గోడ కట్టినవాడి పేరు పలక మీద ఉంటుంది. లోపల గిన్నెల మీద పాత కమిటీ పేరు అరిగిపోతూ ఉంటుంది.

2021 జులైలో కేంద్రంలో ప్రత్యేకంగా సహకార మంత్రిత్వశాఖ ఏర్పడింది. అదే నెలలో, సహకార సంఘాలపై 97వ రాజ్యాంగ సవరణలో రాష్ట్రాల పరిధిలోకి చొచ్చుకువచ్చిన భాగాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ రెండు సంఘటనల మధ్య సహకారం ఎవరి అంశమన్న చర్చ ఢిల్లీలో బాగా జరిగింది. రైల్వే ఆవరణలో పనిచేస్తూ రైల్వే ఉద్యోగి కానివారికి రైల్వే కార్మికుల సహకార సంఘాల్లో సభ్యత్వం ఇవ్వాలా, ఇస్తే వాయిదా కోతకు కాంట్రాక్టరును ఏ చట్టం కింద కట్టడి చేయాలి అన్న ప్రశ్న ఆ చర్చలోకి రాలేదు. దానికి కొత్త మంత్రిత్వశాఖ అక్కరలేదు. సంఘం ఉపవిధుల్లో సభ్యత్వ నిర్వచనాన్ని సవరిస్తే మొదటి సగం తీరుతుంది. అసలు యజమానిగా రైల్వే తన కాంట్రాక్టు షరతుల్లో ఒక పంక్తి చేరిస్తే రెండవ సగం తీరుతుంది. సవరణకు సర్వసభ్య సమావేశంలో వోటు వేయవలసినది పర్మనెంటు ఉద్యోగులు. వారిలో చాలామంది ఇళ్లలో కాంట్రాక్టు పనికి పోయే కొడుకో అల్లుడో ఉన్నాడు.